దూరపు కొండలు, దగ్గరి గొంతులు



పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి మూడే వ్యసనాలుంటాయని మా ఇంటావిడ అంటూ ఉంటుంది: పొడుం, పద్యం, ఎదుటివాడి మాటలో తప్పులెన్నడం. మొదటిది నాకు అలవడలేదు. దాని స్థానాన్ని చిన్ననాడే రేడియో ఆక్రమించింది. అందునా దగ్గరి కేంద్రాలు కావు, దూరపు కేంద్రాలు. వినపడీ వినపడని గొంతును గరగరల మధ్య నుండి వెదికి పట్టుకోవడంలో ఉన్న ఆనందం అనుభవించినవారికే తెలుస్తుంది. ఆ వ్యసనానికి ఒక విఘాతం కలిగింది. ఆ విఘాతం గురించి ఫిర్యాదు చేయబోయి నేను నేర్చుకున్నదేమిటో చెప్పడానికే ఈ టపా.

మా నాన్నగారి మర్ఫీ రేడియోకు పెరట్లోని రెండు కొబ్బరిచెట్ల నడుమ రాగితీగ ఏరియల్‌గా కట్టి ఉండేది. పగలు మధ్యతరంగాలమీద విజయవాడ కేంద్రం. ఉదయం భక్తిరంజని, ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారి ధర్మసందేహాలు. హ్రస్వతరంగాలమీదికి ముల్లు తిప్పితే సముద్రానికి అవతలనున్న సిలోన్ నుండి తెలుగు పాట. ఆ పాట ఒకచోట నిలిచేది కాదు. అలలాగా దగ్గరికి వచ్చి, అలలాగానే వెనక్కి పోయేది. పల్లవి మనది, చరణం గాలిది. నేను భాషాప్రవీణ చదవకముందే శకార, షకార, సకారాల భేదాన్ని నా చెవికి నేర్పింది ఆ పెట్టె. మా ఊళ్లో ఎవరూ అట్లా పలికేవారు కారు. పల్లెటూరి పిల్లవాడికి శిష్టభాష అనేది ఒకటున్నదని తెలియజెప్పిన మొదటి గురువు, నాకంటే చాలా దూరాన ఉన్న ఒక అదృశ్యకంఠం.

కాలక్రమాన ఎఫ్.ఎం. వచ్చింది. మా ఊరు బాపట్ల వైపు, తీరానికి పది కిలోమీటర్ల లోపల ఉంటుంది. నేను వినదలచిన ఆకాశవాణి ఎఫ్.ఎం. కేంద్రం అక్కడికి సుమారు 90 కిలోమీటర్లు. మామూలు రేడియోలో అది రాదు. అల్యూమినియం కడ్డీలతో ఏరియల్ ఒకటి చేయించి, వెదురుగడకు కట్టి, మేడమీద నిలబెట్టి, ఆ దిక్కుకు తిప్పి పెట్టాను. వచ్చింది. శాస్త్రీయసంగీతం, సాహిత్యప్రసంగాలు, వార్తలు అన్నీ పన్నెండేళ్లు విన్నాను. వేసవి రాత్రులలో సముద్రం మీది చల్లని తేమగాలిపై వేడిగాలి పొర పరచుకున్నప్పుడు తరంగాలు వంగి, ఆ పొర క్రింద కాలువలో నీళ్లలాగా సాగివస్తాయి. అటువంటి రాత్రులు మదరాసు తమిళ గొంతులు కూడా మా మేడమీదికి అతిథులుగా వచ్చేవి.

2021లో మా ఊరికి ఆరు కిలోమీటర్ల దూరంలోని ఒక కళాశాలవారు చిన్న ఎఫ్.ఎం. కేంద్రం పెట్టారు. ముల్లుమీద నా కేంద్రానికి అది రెండు గీతల దూరం. మొదటినాటి సాయంత్రం నేను త్యాగరాయ కీర్తన కోసం ముల్లు తిప్పేసరికి వేపపిండి ఎంత వేయాలో ఎవరో చెబుతున్నారు. కొంచెం అటు తిప్పితే వేపపిండి, ఇటు తిప్పినా వేపపిండే. పన్నెండేళ్ల నా చెలిమి ఒక్క పూటలో ముగిసింది.

ఇది ఎందుకు జరుగుతుందో ఓపికగా తెలుసుకున్నాను. ఎఫ్.ఎం. తరంగం ఇంచుమించు చూపులాగా తిన్నగా పోతుంది. 150 మీటర్ల స్తంభం మీది నుండి బయలుదేరిన తరంగానికి దిగంతం 50 కిలోమీటర్లు. నా పదిమీటర్ల మేడ మరొక 13 కిలోమీటర్లు కలుపుతుంది. ఆపైన వచ్చేదంతా గాలిపొరలు దయతలచి వెదజల్లిన చిటికెడు మాత్రమే. ఇక చిన్నకేంద్రం సంగతి. దాని శక్తి 100 వాట్లు, పెద్దదానిది 10 కిలోవాట్లు అనుకుందాం. శక్తిలో చిన్నది వందోవంతు. కాని దూరంలో పదిహేనోవంతు. బలం దూరం యొక్క వర్గాన్ని బట్టి తగ్గుతుంది కనుక పదిహేనును పదిహేనుతో హెచ్చవేస్తే 225. అంటే నడుమ భూమి అడ్డులేకపోయినా నా మేడమీద చిన్నదే రెండింతలకు పైగా బలమైనది. భూమి వంపును కూడా లెక్కిస్తే ఆ తేడా వేలరెట్లకు పోతుంది.

దీనికి తోడు ఎఫ్.ఎం.కు మరొక గుణముంది. మధ్యతరంగాలలో ఇద్దరు ఒకేచోట మాట్లాడితే ఇద్దరూ కలగాపులగంగా వినిపిస్తారు. ఎఫ్.ఎం.లో అట్లా కాదు. ఒకే తావున రెండు తరంగాలు వస్తే రేడియో బలమైనదానిని పట్టుకుని రెండవదానిని పూర్తిగా అణచివేస్తుంది. బలవంతుడిదే రాజ్యం. తావులు వేరైనా చాలా దగ్గరగా ఉంటే చవకరకం రేడియోలు వాటిని విడదీయలేవు. నా రేడియో ఆ జాతిదే.

సంబంధిత కార్యాలయానికి ఒక ఉత్తరం రాశాను. నలభై ఏళ్లు వ్యాసరచన చెప్పినవాడిని కదా, వ్యాసంలాగానే రాశాను. కొన్నాళ్లకు రెండు వాక్యాల జాబు వచ్చింది. మీ గ్రామం ఆ దూరపు కేంద్రపు ప్రసారపరిధిలో లేదు, కనుక అంతరాయమన్న ప్రశ్నే ఉత్పన్నం కాదు అని దాని సారాంశం. అంటే పటంమీద గీసిన వలయానికి వెలుపల కూర్చుని వినేవాడు చట్టం దృష్టిలో శ్రోతే కాడు. పన్నెండేళ్లు నేను విన్నది వినికిడి కాదు, చోరశ్రవణం!

ఆ కోపంతోనే కళాశాలకు వెళ్లాను. ఆ కేంద్రంలో మైకు ముందు కూర్చునే అమ్మాయి నా శిష్యురాలే. పదవ తరగతిలో ఛందస్సు అంటే పారిపోయేది.

“కూర్చోండి మాస్టారూ. మా కార్యక్రమాలు వింటున్నారా?” అన్నది.

“వినక తప్పడం లేదమ్మా. వేరేది రానివ్వడం లేదుగా మీరు” అన్నాను.

నేను చెప్పినదంతా విని కొంతసేపు ఊరుకుంది. తరువాత మెల్లగా, “మీ కేంద్రం చాలా గొప్పది మాస్టారూ, కాదనను. కాని మన చివరి కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో అది ఎప్పుడైనా చెప్పిందా?” అని అడిగింది. ఈ ప్రశ్నకు నాకు జవాబు తోచలేదు. అందుకని, “అది సరేగాని, నిన్న ‘విశేషాలు’ అనబోయి ‘విసేసాలు’ అన్నావు” అన్నాను. పండితుడు ఓడిపోయినప్పుడు పట్టుకునే ఊతకర్ర అది. ఆమె నవ్వింది. నేను ఇంటికి వచ్చాను.

ఈ తగవు మనకు కొత్త. అమెరికాలో పాతది. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ 2000 జనవరిలో 100 వాట్ల లోపు లాభాపేక్షలేని చిన్న ఎఫ్.ఎం. కేంద్రాలకు అనుమతినిచ్చింది. ఒక్కొక్కటి అయిదారు కిలోమీటర్ల మేర వినబడుతుంది. వెంటనే పెద్ద ప్రసారకులు అభ్యంతరం చెప్పారు. చిన్నవాళ్లను మా పక్కన కూర్చోబెడితే మా ప్రసారాలు చెడిపోతాయన్నారు. చెడిపోతే ఎట్లా ఉంటుందో వినిపిస్తామంటూ ఒక సీడీ తయారుచేసి చట్టసభ సభ్యులకు పంచారు. ఆ సీడీ తప్పుదోవ పట్టించేదని నియంత్రణ సంస్థ ఇంజనీర్లు చెప్పినా, అదే సంవత్సరం డిసెంబరులో చట్టసభ చిన్నకేంద్రాల చుట్టూ కంచె బిగించింది. పెద్దదానికి 0.6 మెగాహెర్ట్జ్ దూరంలో కూడా చిన్నది ఉండరాదని ఆ కంచె. నగరాలలో అంత ఖాళీ దొరకదు గనుక అక్కడ చిన్నకేంద్రాలు దాదాపు పుట్టకుండానే పోయాయి. నిజంగా అంతరాయముందో లేదో పరీక్షించమని ఆ చట్టమే ఆదేశించింది. 2003లో పరీక్షకులు నివేదిక ఇచ్చారు. ఆ 0.6 మెగాహెర్ట్జ్ కంచె వల్ల చెప్పుకోదగిన ప్రయోజనం లేదని తేల్చారు. అయినా కంచె తొలగించే చట్టంపై అధ్యక్షుడు ఒబామా సంతకం పడింది 2011 జనవరి 4న. నిజం తేలిన తరువాత కూడా చిన్నవాడు ఏడేళ్లకు పైగా వాకిట్లోనే నిలబడవలసి వచ్చింది.

ఈ కథ చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గు వేసింది. ఎందుకంటే నా ఫిర్యాదులోని మాటలు ఆ పెద్ద ప్రసారకుల మాటలే. తేడా ఒక్కటి. వారిది వ్యాపారం, నాది వ్యసనం. కాని ఆ కథలో ఎవరికీ పట్టని మూడవ పక్షం ఒకటున్నది. వలయానికి వెలుపల కూర్చుని వినే నావంటివారు. పెద్దవారు గెలిచినా చిన్నవారు గెలిచినా వీరి లెక్క ఎవరి చిట్టాలోనూ లేదు.

మన దేశపు సంగతికి వద్దాం. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో స్వచ్ఛందసంస్థలకు సామాజిక రేడియో పెట్టుకొనే వీలు కలిగింది. శక్తి సాధారణంగా 100 వాట్లు, స్తంభం ఎత్తు 30 మీటర్లు మించరాదన్నారు. సొంతంగా వార్తలు తయారుచేసి చెప్పరాదన్నారు. ఆకాశవాణి కూడా చిన్నబాట పట్టింది. 2023 ఏప్రిల్ 28న ఒక్కరోజే 100 వాట్ల ఎఫ్.ఎం. ప్రసారిణులు 91 ప్రారంభమయ్యాయి. 2024 ఆగస్టులో మరి 234 పట్టణాలలో 730 ప్రైవేటు ఎఫ్.ఎం. కేంద్రాల వేలానికి కేంద్రమంత్రివర్గం ఆమోదం తెలిపింది. మరొకవైపు పాతబడిన మధ్యతరంగ, హ్రస్వతరంగ ప్రసారిణులు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఈ రెండింటినీ కలిపి చూడండి. దూరం పోయే గొంతులు తగ్గుతున్నాయి, దగ్గర వినిపించే గొంతులు పెరుగుతున్నాయి. ముల్లుమీది ఖాళీలు నిండిపోతున్నాయి.

పెరగడం మంచిదేనా? మంచిదే అని ఇప్పుడు అంటాను. భాషాపండితుడిగానే అంటాను. మెదక్ సీమలో, జహీరాబాదు దగ్గరి మాచ్‌నూరులో, 2008 అక్టోబరు 15న సంగం రేడియో మొదలైంది. నడిపినవారు చిన్నరైతులైన దళిత స్త్రీలు. మైకు ముందు కూర్చున్న నర్సమ్మలిద్దరూ తమ ఇంటిభాషలో తమ చిరుధాన్యాల గురించి, తమ విత్తనాల గురించి మాట్లాడారు. ఆ భాష మా పాఠ్యపుస్తకాలలో లేదు. మా తరంవారు తరగతిలో అట్లా మాట్లాడిన పిల్లవాడిని నిలబెట్టి సరిదిద్దేవారు. నేనూ సరిదిద్దాను. ఎర్రసిరా ఎంత ఖర్చు చేశానో!

1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వాన వ్యవసాయ వృత్తిపదకోశం వెలువడింది. పరిశోధకులు జిల్లాజిల్లాకూ తిరిగి రైతుల నోటినుండి మాటలు ఏరుకొచ్చి కూర్చిన గ్రంథమది. దానిని నేను బీరువాలో అట్టవేసి దాచుకున్నాను. కాని ఆ గ్రంథంలోని బతుకు మా ఊరి పొలంగట్టుమీద ఉన్నదన్న సంగతి మరచిపోయాను. నా దూరపు కేంద్రం ‘నారుమడి’ అంటుంది, ‘నాట్లు’ అంటుంది. మా చిన్నకేంద్రంలో ఒక ముసలి రైతు ‘ఆకుమడి’ అన్నాడు, ‘ఊడ్పులు’ అన్నాడు. మా అమ్మ అన్నమాటలవి. నలభై ఏళ్లుగా నేను బడిలో ఒక్కసారైనా పలకని మాటలు. రేడియో పెట్టెలోనుండి అవి వినబడేసరికి, ఎవరో నన్ను చిన్ననాటి పేరుతో పిలిచినట్లయింది. దూరపు కొండలు నునుపు అన్న సామెతను నేను పిల్లలచేత వందసార్లు సొంతవాక్యాలలో ప్రయోగం చేయించాను. నా జీవితంలో ప్రయోగించుకోలేదు.

ఇంతటితో ఆగితే ఇది పశ్చాత్తాపం అవుతుంది, అభిప్రాయం కాదు. అసలు మాట ఇంకా ఉన్నది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందటి రోజే మా ఊళ్లో కరెంటు పోయింది. సెల్‌ఫోన్లు మూగబోయాయి. బ్యాటరీ రేడియో ఒక్కటే దిక్కు. చిన్నకేంద్రం ఆ పగలంతా మాట్లాడింది. ఏ కల్వర్టు మీద నీరు పారుతోందో, ఏ బడి తలుపులు తెరిచి వంట చేస్తున్నారో, పశువులను ఏ దిబ్బకు తోలాలో చెప్పింది. ఏ పెద్దకేంద్రమూ ఆ మాటలు చెప్పలేదు. మా వీధివారంతా మా అరుగుమీద చేరి విన్నారు. ‘విసేసాలు’ అని ఆమె మళ్లీ అన్నది. ఈసారి నేను తప్పు పట్టలేదు.

ఆ మర్నాడు, తీరం దాటే పూట, మాట మధ్యలో ఆ గొంతు ఆగిపోయింది. జనరేటరులో డీజిల్ అయిపోయిందని తరువాత తెలిసింది. అరుగుమీద ఎవరూ మాట్లాడలేదు. గరగర. ఆ గరగరలోనుండి, మూడేళ్లుగా నేను వినని గొంతు మెల్లగా పైకి వచ్చింది. వెదురుగడ గాలికి ఊగుతున్నా ఏరియల్ ఇంకా ఆ దిక్కుకే ఉన్నది. గాలి వేగం, తుపాను ఎక్కడ ఉన్నది, ఎన్ని గంటలకు తగ్గుతుంది, ఇవన్నీ ఆ దూరపు కంఠం తొణకకుండా చెప్పింది. రాత్రి వరకు అదే మాకు తోడు.

అప్పుడు నాకు అర్థమైంది. చిన్నదా పెద్దదా అన్న ప్రశ్నే తప్పు. ఏ కల్వర్టు తెగిందో దగ్గరివాడే చెప్పగలడు. కల్వర్టుతోపాటు దగ్గరివాడు కూడా కొట్టుకుపోయినప్పుడు దూరపువాడే చెప్పగలడు. తుపాను ఊరికి వస్తే ఊళ్లోని స్తంభానికీ వస్తుంది. కనుక ఒకరి గొంతుమీద ఇంకొకరిని కూర్చోబెట్టడం పొదుపు కాదు, ప్రమాదం. ఆ రోజు దూరపు గొంతు మాకు దొరికింది చిన్నది ఆగిపోవడం వల్ల. కొన్ని కిలోమీటర్ల అవతల చిన్నకేంద్రం వినరాక, దాని చప్పుడు మాత్రం దూరపు గొంతును అడ్డుకునేచోట ఉన్నవారికి రెండూ దక్కవు.

కాబట్టి నా అభిప్రాయాలు విన్నవిస్తున్నాను. చిన్నకేంద్రాలు రావాలి, ఇంకా రావాలి. కాని తావు కేటాయించే ముందు పటంమీది వలయాన్నే కాక, వలయపు అంచున, దానికి కాస్త వెలుపల ఏ ఊళ్లవారు ఏ కేంద్రాన్ని వింటున్నారో ఒక్కసారి ఊళ్లోకి వచ్చి అడగాలి. మా కళాశాల కేంద్రాన్ని మరొక నాలుగు గీతలు అవతలికి జరిపి ఉంటే ఎవరికీ నష్టం లేదు. అప్పట్లో మా వైపు ముల్లుమీద అంత ఖాళీ ఉన్నది. ఇప్పుడు పట్టణాల వేలాలు ముగిసి ఆ ఖాళీలన్నీ అమ్ముడుపోయాక జరపడానికి చోటుండదు. రెండవది, తీరప్రాంతానికి వినబడే మధ్యతరంగ ప్రసారిణి ఒక్కటైనా ఆరిపోకుండా చూడాలి. మధ్యతరంగం నేలను అంటిపెట్టుకుని పోతుంది, దిగంతం దగ్గర ఆగదు. ఖర్చు ఎక్కువే. అగ్నిమాపక శకటానికి కూడా ఖర్చు ఎక్కువే, నిప్పు అంటుకోని రోజులే ఎక్కువ. మూడవది, చిన్నకేంద్రాలకు తుపాను రోజులకు సరిపడే డీజిల్, బ్యాటరీలు ప్రభుత్వమే సమకూర్చాలి. ఊరి గొంతు ఊరికి అవసరమైన పూట మూగబోకూడదు.

నాలుగవది మనవంటివారికి. అంతరాయం అని ఎవరైనా అన్నప్పుడల్లా, ఎవరి మాటకు ఎవరి మాట అంతరాయమని విచారించాలి. ఒక భాషాపండితుడు తన చెవికి ఇంపుగా లేని ప్రతి పలుకుబడినీ అంతరాయమనే అనుకుంటాడు. మా అమ్మ భాషను నా తరగతిగదిలో అణచివేసిన బలమైన తరంగం నేనే. పిల్లవాడి ఇంటిమాట, నా పుస్తకపు మాట ఒకే తావున కలిసినప్పుడు పుస్తకం గెలిచింది. అది భాషాబలం కాదు, బెత్తపు బలం. పక్కపక్కన రెండు గీతలు ఎడంగా రెండింటినీ ఉంచి ఉండవలసింది.

గత సంవత్సరం మా శిష్యురాలు కబురు పెట్టింది. వారానికి ఒకరోజు పావుగంట పద్యాలు చెప్పమని. వెళ్తున్నాను. మొదటిరోజు నేను ‘నారుమడి’ అన్నాను. గాజుతలుపు అవతలినుండి ఆమె వేలు చూపి బెదిరించింది. ‘ఆకుమడి’ అని సరిదిద్దుకున్నాను.

మేడమీది ఏరియల్ మాత్రం తీయలేదు. తెల్లవారుజామున అయిదు గంటలకు, చిన్నకేంద్రం ఇంకా నిద్రలేవక ముందు, ముల్లు నెమ్మదిగా తిప్పుతాను. ఆ వేళకు దూరపు కొండమీద దీపం ఇంకా వెలుగుతూనే ఉంటుంది.

స్వస్తి.